అడగని మాట

నాకు నోరెక్కువ అని మొయినాబాద్ దగ్గరి మా ఊరు హిమాయత్‌నగర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు కూడా నా మాటలు పడలేక కొలతలిచ్చి గబగబా వెళ్లిపోతారు. కానీ మా ఇంట్లో నిజంగా నోరు ఆగనిది నేను కాదు, మా తోడికోడలు నీలవేణి. నాకు కోపమొస్తే అరుస్తాను, అరిచి మరిచిపోతాను. ఆమెకు అసలు కోపమే రాదు. ఎవరికైనా అన్యాయం జరుగుతోందని తోచిందంటే మాత్రం తాళ్లతో కట్టేసినా ఆగదు. ఆ మంచి గుణమే ఒక మనిషికి తీరని నష్టం చేసింది. ఈ మాట ఆమె వినేటట్టు నేను ఎన్నడూ అనలేదు. అనను కూడా.

ఆ మనిషి పేరు జహంగీర్. మా వీధి చివరి మసీదులో మౌజన్. అంటే పూటపూటకూ నమాజుకు రమ్మని అజా పిలిచేవాడు. ఆయన తండ్రిదీ అదే పని. మైకు లేని రోజుల్లో తండ్రి చెవుల మీద చేతులు పెట్టుకుని పిలుస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నాడట. గొంతు గొప్పదేం కాదు, కొంచెం బొంగురు. చలికాలమైతే మధ్యలో పట్టేసేది కూడా. అయినా మా అత్త బాలనర్సమ్మకు తెల్లవారిందంటే ఆ గొంతే. అది వినపడితేగానీ బర్రె దగ్గరికి పోయేది కాదు.

మా పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే సాయంత్రం నమాజు వేళకు వాళ్లను ఎత్తుకుని, చెంబులో నీళ్లు పట్టుకుని మసీదు గేటు దగ్గర నిలబడేవాళ్లం. నమాజు ముగించుకుని వచ్చేవాళ్లు ఒక్కొక్కరే ఆగి, పిల్లల నెత్తి మీద ఇంత ఊది పోయేవారు. జహంగీర్ అందరికన్నా చివర వచ్చేవాడు. చెప్పులైనా వేసుకోకుండా నిలబడి, కళ్లు మూసుకుని చాలాసేపు చదివి ఊదేవాడు. నీలవేణి బిడ్డ పుట్టిన ఏడాది ఒకటే జ్వరాలు. ఆ గేటు దగ్గరే ఆమె ఆయనను అన్న అనడం మొదలుపెట్టింది. ఆయన ఆమెను చెల్లె అనేవాడు. వరసకు అనడం కాదు, నిజంగానే అన్నాచెల్లెళ్లలాగే ఉండేవారు. తమ అన్నలు అట్లా ఉండరని మా ఆడబిడ్డలే కుళ్లుకునేవాళ్లు.

అది గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్న కాలం. కంప్యూటర్ ఉద్యోగాల వాళ్లకు సెలవు రోజున ఊపిరి పీల్చుకోవడానికి మా పొలాలు కావలసివచ్చాయి. అజీజ్‌నగర్ దిక్కు టమాట మళ్లు పోయి ఎత్తయిన గోడలు, ఇనుప గేట్లు, నీలం రంగు నీళ్ల తొట్లు వచ్చాయి. అందరితోపాటు జహంగీర్ పొలమూ పోయింది. కొన్న సారు ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్దవాడు. చెడ్డవాడని చెప్పలేను, ధ్యాస లేని మనిషి, అంతే. "నీ భూమిని నువ్వే చూసుకో" అని జహంగీర్‌ను అక్కడే వాచ్‌మన్‌గా పెట్టుకున్నాడు. సైకిల్ మీద మసీదుకు పోయి అజా ఇచ్చి రావడానికి ఒప్పుకున్నాడు కూడా. వంటకు నీలవేణి కుదిరింది.

చేరేటప్పుడే జహంగీర్ ఆయనకు ఒక మాట చెప్పుకున్నాడు. "గేటు, మోటరు, చెట్లు, ఏది జెప్పినా చేస్త సార్. మందు కాడికి మాత్రం నన్ను పిలువకుండ్రి." సారు నవ్వి, సరే అన్నాడు.

మొదటి ఆదివారమే ఆ సరే గాలికి పోయింది. స్నేహితులు కార్లలో దిగారు. సారు డిక్కీ తెరిచి, చెవికి ఫోన్ పెట్టుకునే సీసాల పెట్టెను జహంగీర్ చేతుల్లో పెట్టి, గ్లాసులూ ఐసూ పట్రమ్మని చెప్పి పోయాడు. జహంగీర్ ఆ పెట్టెతో వంటగది గుమ్మంలో నిలబడిపోయాడట. కింద పెట్టలేడు, ముందుకు నడవలేడు. లోపల ఉల్లిగడ్డలు కోస్తున్న నీలవేణి తలెత్తి చూసి, లేచి వచ్చి పెట్టె అందుకుంది.

"నువ్వు గీ ఉల్లిగడ్డలు కొయ్యే అన్నా" అంది, కత్తిపీట ఆయన వైపు జరుపుతూ.

"తాగినోనికే గాదు చెల్లె, మోసినోనికి గూడ పాపమే మా దాంట్ల" అన్నాడట ఆయన, చేతులు కడుక్కుంటూ. "ఇది మోసి, మల్ల ఈ నోటితోని అజా ఎట్ల ఇస్త? పొలం బోయింది, బర్లు బోయినయ్. మా నాయిన ఇచ్చింది ఆ పిలుపొక్కటే నాకాడ మిగిలింది. అది గూడ పోతే నేను మనిషినే గాను."

"మరి నాకేం పాపం లేదు. ఉన్నా మా దేవునితోని నేను మాట్లాడుకుంట" అంది ఈ మహాతల్లి.

అప్పటినుంచి ఆదివారం వచ్చిందంటే పని తారుమారు. సీసాలు, గ్లాసులు, ఐసు ఈమె మోసేది. కోళ్లు కోసి శుభ్రం చేయడం, ఉల్లిగడ్డలు, అంట్ల గిన్నెలు తోమడం ఆయన చేసేవాడు. బయట ఒక్కరికీ తెలియనివ్వలేదు. దాచుకోవలసింది ఆయనొక్కడే కాదు. కుర్రాళ్లు తాగుతూ కూర్చున్న చోట ఇంటి కోడలు గ్లాసులు అందిస్తోందని తెలిస్తే మా బావ యాదగిరి ఊరుకునే మనిషి కాదు. ఆయన లెక్కలో తన భార్య అక్కడ వంట మాత్రమే చేస్తోంది. ఒకనాడు జాకెట్ కొలతలిస్తూ నీలవేణి నాకొక్కదానికే చెప్పింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, నేల చూస్తూ పోయి గ్లాసులు పెట్టి వస్తుందట. "ఆంటీ, నువ్వూ ఒకటి వేసుకో" అన్నాడట ఒకడు. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

నా ఒళ్లు మండిపోయింది. "నీకేం ఖర్మ అక్కా? ఆయన పాపం ఆయన మోసుకుంటడు గద!" అన్నాను.

"నీకు తెల్వది నిర్మలా. ఆ పెట్టె పట్టుకున్నప్పుడు అన్న మొకం నువ్వు చూడలె" అంది.

ఆ ఏడాదే చికున్‌గున్యా వచ్చింది. మా ఇళ్లలో మంచం పట్టని మనిషి లేడు. చేవెళ్ల దవాఖాన వరండాలో కూడా జనం చాపలు పరుచుకుని పడుకున్నారు. నీలవేణికి కీళ్లు పట్టేసి, గోడ పట్టుకుంటే తప్ప లేవలేకపోయింది. సరిగ్గా ఆ ఆదివారమే సారు ఫామ్‌హౌస్‌కు ఎవరో దొరల్లాంటి చుట్టాలొచ్చారు. గ్లాసులు తెచ్చేవాళ్లు లేరు. జహంగీర్ రెండు చేతులూ జోడించాడట. సారు అందరి ముందూ చిన్నబోయినట్టయి, "ఇష్టం లేకపోతే రేపటినుంచి రావద్దు" అన్నాడట. జహంగీర్ పళ్లెం ఎత్తుకున్నాడు.

వచ్చినవాళ్లలో ఒకడు వేడుకగా ఆయన భుజం మీద చెయ్యేసి కెమెరా ఫోన్‌లో ఫొటో తీయించుకున్నాడు. అది వాళ్ల డ్రైవరు ఫోన్‌లోకి పోయి, అక్కడినుంచి మా ఊరి షేర్ ఆటో నర్సింహులు ఫోన్‌లోకి వచ్చింది. వాడు ఎక్కినవాళ్లకూ దిగినవాళ్లకూ చూపించడం మొదలుపెట్టాడు. మొయినాబాద్‌లో దారాలు కొనుక్కుని వస్తుంటే నాకూ చూపించాడు. తెల్ల టోపీ, నెరిసిన గడ్డం, చేతుల్లో పళ్లెం, పళ్లెంలో పసుపుపచ్చ నీళ్ల గ్లాసులు. పక్కన పళ్లికిలిస్తూ ఒక కుర్రాడు. జహంగీర్ కళ్లు మాత్రం ఫొటోలో ఎటో ఉన్నాయి.

"నీ బిడ్డ జెరమొచ్చి పడితే ఊదింది ఈయననే గదరా! నీ ఫోన్ల మన్నువడ! సిగ్గన్న ఉండాలె" అని ఆటోలోనే దులిపేశాను. వాడు ముఖం మాడ్చుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే అది ఎన్ని ఫోన్లకు పాకిందో ఎవరికి తెలుసు?

ఇంటికొచ్చి చెప్పకూడదనే అనుకున్నాను. నాకన్నా ముందే ఎవరో మంచం దగ్గరికొచ్చి చెప్పి పోయారు. నీలవేణి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "నేను పండుకోబట్టి గదనే" అని ఒకటే ఏడుపు. శుక్రవారం నమాజు అయ్యాక మసీదులో కూర్చుంటారని, జహంగీర్ సంగతి అక్కడ తేలుతుందని కూడా చెప్పి పోయారట ఆ పుణ్యాత్ములు.

కూర్చుంటారు అంటే మాకు తెలిసింది పంచాయితీ. మా దాంట్లో పంచాయితీకి ఒకటే పద్ధతి. పెద్దమనుషులు అడుగుతారు, తెలిసినవాళ్లు లేచి పదిమందిలో చెబుతారు. నీ తరఫున ఎవరూ నోరు విప్పలేదంటే నువ్వు తప్పు చేసినట్టే. నీలవేణికి పక్క పొలం వాళ్లతో గెట్టు తగాదా వచ్చినప్పుడు కూడా ఎవరో ఒకరు లేచి చెప్పబట్టే గట్టెక్కింది. అందుకే శుక్రవారం మధ్యాహ్నం, నేను నెత్తీ నోరూ కొట్టుకుని వద్దంటున్నా వినకుండా, నా భుజం పట్టుకుని కుంటుకుంటూ బయలుదేరింది.

మేము గేటు దగ్గరికి చేరేసరికి మసీదు వాకిట్లో రేకుల కింద మగవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. నడుమ ముసలి మౌల్వీసాబు. ఆయన పక్కన మసీదు కమిటీకి పెద్ద, సదరు. ఎదురుగా జహంగీర్, గడ్డం రొమ్ముకు ఆనేంత తల దించుకుని. మౌల్వీసాబు ఉర్దూలో ఏదో చెబుతున్నాడు. మాకు తెలిసింది బజారు ఉర్దూ. ఆయన మాటలు సగం కూడా ఎక్కలేదు. ఆయన చెప్పడం ముగించాడు. ఒక్కరూ పలకలేదు. అంతమందిలో ఒక్కరూ జహంగీర్ వైపు చూడలేదు. ఆయన లేచి నిలబడ్డాడు.

నిజానికి అప్పటికే ఆయనను గండం దాటించేశారు. అది మాకు తర్వాత తెలిసింది. సదరు ఫోన్ చూపించబోతే మౌల్వీసాబు దాన్ని బోర్లా పెట్టాడట. "గ్లాసుల ఏమున్నదో ఈ ఫొటోకు తెలువదు, మనకు తెలువదు. షర్బత్ అనుకుందాం. ఒకరి తప్పును తొంగి చూసుడు మనకు హరామ్, పాపం. ఎవలన్న ఇంకొకరి తప్పును కప్పితే, వాని తప్పును అల్లా కప్పుతడు. ఇంక ఈ మాట ఎవరూ అడగొద్దు, ఎవరూ చెప్పొద్దు. జహంగీర్, సాయంత్రం అజా నువ్వే ఇయ్యాలె" అన్నాడట. కోపంగా వచ్చినవాళ్లు కూడా ఆ మాటకు కట్టుబడి నోరు మూసుకున్నారు. ఎవరూ ఆయన వైపు చూడకపోవడం కూడా మర్యాదే. ఆయన లేచింది ఇంటికి పోయి, సాయంత్రానికి తిరిగి రావడానికి.

నీలవేణికి మాత్రం ఆయనను వెళ్లగొడుతున్నట్టు కనిపించింది. ఒక్కరూ ఆయన తరఫున మాట్లాడలేదు కదా!

"ఆగుండ్రి మౌల్వీసాబ్!" అని గేటు కమ్మీ పట్టుకుని అరిచింది. "ఆ మనిషిని ఏమనకుండ్రి. ఆదివారం ఆదివారం ఆడ మందు మోసింది నేను. గీ చేతులతోని గ్లాసులు పెట్టిన, ఐసు ఏసిన, సీసలు ఏరిన. అన్నను దాని దగ్గరికి ఎన్నడు రానియ్యలె. నాకు జెరమొచ్చి పడ్డ ఆ ఒక్క దినమే మోసిండు. కొలువు తీసేస్తనని సారు బెదిరిస్తె మోసిండు. అనేది ఉంటె నన్ను అనుండ్రి!"

నేను ఆమె నోరు మూయబోయాను. అప్పటికే అంతా అయిపోయింది. సదరు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఎవరో "యా అల్లా" అన్నారు. వీధిలో పోయేవాళ్లు ఆగి మా వెనక గుమికూడారు. వాళ్లలో మా బావ యాదగిరి కూడా ఉన్నాడు.

మౌల్వీసాబు తెలుగులో, మెల్లగా, చిన్నపిల్లతో మాట్లాడినట్టు అన్నాడు. "బేటీ, నీకు జెరం ఇంక తగ్గలె. ఆ దినం నువ్వు ఆడ లేనే లేవు. నీకెట్ల తెలుస్తది? జెరం మీద ఏదో అంటున్నవ్. ఇంటికి పో."

నాకు అప్పుడు కొంచెం వెలిగింది. ఆయన ఆమెను కసరడం లేదు, దారి చూపిస్తున్నాడు. నేను ఆమె చెయ్యి లాగాను. "అవునక్కా, జెరమే, పా పోదాం." ఆమె నన్ను విదిలించుకుంది. తన మాట నమ్మడం లేదనుకుంది పిచ్చిది.

"జెరం గాదు! మొన్న నా మంచం కాడికొచ్చి అన్ననే తన నోటితోని చెప్పుకున్నడు. నేను అబద్ధమాడుత లేను. నా బిడ్డ మీద ఒట్టు!"

మౌల్వీసాబు అప్పటికీ వదల్లేదు. జహంగీర్ వైపు తిరిగి, "ఈ బిడ్డ జెరం మీద అంటున్నది. అంతేనా జహంగీర్?" అన్నాడు. ఊ అంటే చాలు. తల ఊపినా చాలు. ఆ వాకిట్లో కూర్చున్న ప్రతి మనిషీ ఆయన తల ఊపాలని కోరుకుంటున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. నేను కూడా మనసులో వంద దేవుళ్లకు మొక్కుకున్నాను.

జహంగీర్ మా వైపు చూశాడు. నీలవేణి ముఖం చూశాడు. "బిడ్డ మీద ఒట్టేసింది సాబ్" అన్నాడు. "ఆ పసిదాని మీద అబద్ధపు ఒట్టు పడొద్దు. చెల్లె చెప్పింది నిజం. నేను మోసిన."

మౌల్వీసాబు ఆయనను తప్పు మన్నించమని వేడుకుంటూ అల్లా ముందు తోబా చేసుకొమ్మన్నాడు, తోబా తలుపు ఎవరికీ మూసి ఉండదన్నాడు. కానీ ఇంతమంది చెవిన పడ్డాక తాను విననట్టు ఉండలేనని, ఆ సాయంత్రం అజా వేరే మనిషి ఇస్తాడని చెప్పాడు. జహంగీర్ సరేనన్నట్టు తల వంచాడు. నీలవేణి గేటు కమ్మీ వదిలి అక్కడే కూలబడింది. ఏం జరిగిందో ఆమెకు అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. నిజం చెబితే మనిషి ఎట్ల మునిగిపోతాడని ఇల్లు చేరేదాకా నన్నే అడిగింది.

సాయంత్రం మైకులో సదరు తమ్ముడి గొంతు వచ్చింది. మంచి గొంతే, జహంగీర్ గొంతు కన్నా నున్నగా ఉంది. "గిదెవరి గొంతే?" అంది మా అత్త పాలచెంబు పట్టుకుని.

తర్వాత మా ఇంట్లో పడ్డ బాధ చెప్పుకుంటే సిగ్గుచేటు. యాదగిరి బావ నీలవేణి చేతి బువ్వ ముట్టడం మానేశాడు. "తాగుబోతులకు పోసిన చెయ్యితోని నాకు పెట్టకు" అన్నాడు. నల్లా దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి గుసగుసలాడేవాళ్లు. ఒకతె "ఆంటీ, నాకూ ఒకటి పొయ్యి" అంటే నేను బిందెతో నీళ్లు దాని నెత్తిన గుమ్మరించాను. నీలవేణి మాత్రం ఒక్కదానికీ ఏడవలేదు. అజా వినిపించినప్పుడు చేతిలో పని వదిలేసి గోడవైపు తిరిగేది.

ఫామ్‌హౌస్‌కు ఇద్దరూ పోవడం మానేశారు. ఆమె నా కుట్టుమిషను దగ్గర కూర్చుని గుండీలు కుట్టేది. జహంగీర్ చేవెళ్ల మార్కెట్‌లో టమాట గంపలు ఎత్తే పనికి పోతున్నాడని విన్నాం. నమాజుకు వచ్చేవాడు. కానీ అందరూ లోపలికి పోయాక, ఇళ్ల వెనక సందు గుండా వచ్చి, చివరి వరసలో నిలబడి అందరికన్నా ముందే వెళ్లిపోయేవాడట.

ఒకనాడు మధ్యాహ్నం ఆయన భార్య రహెమత్‌బీ మా ఇంటికొచ్చింది. నీలవేణి గబుక్కున లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాం. తిట్టినా బాగుండేది.

"పొద్దుగాల యాళ్లకే లేస్తడు" అంది రహెమత్‌బీ, గుమ్మంలో కూర్చుని. "కాళ్లు చేతులు కడుక్కుంటడు. పోయేటోని లెక్కనే గుమ్మం దాకా వస్తడు. ఆ పిలుపు మొదలైతనే నోటి మీద చెయ్యి పెట్టుకొని అట్లనే కూసుంటడు. గొంతు మాత్రం లోపల ఆడుతనే ఉంటది. నేను చూడలేకపోతున్న నీలవేణీ." ఆ రోజు మేము గేటు దగ్గరికి రాకముందు మౌల్వీసాబు ఏమన్నాడో, ఫోన్ ఎట్లా బోర్లా పెట్టాడో, సాయంత్రం అజా ఎవరినివ్వమన్నాడో అప్పుడు చెప్పింది. మేము వినడం అదే మొదటిసారి. "తోబా చేసిండు. మౌల్వీసాబుకు ఇష్టమే ఉన్నది. ఊరంత నోట్ల ఉన్న మాట, ఎట్ల ఇప్పిస్తమని కమిటీ వాళ్లు ఆపుతున్నరు. నువ్వు పోయి, తెలువక అన్న అని ఒక్క మాట చెప్పరాదా?"

నీలవేణి గుండీల డబ్బాతోనే ఆమె ఎదుట కూర్చుంది. "అంటె... నేను రాకుంటె, ఆ సాయంత్రం అన్ననే ఇచ్చేటోడా?" అంది.

రహెమత్‌బీ కొంగుతో కళ్లొత్తుకుంది.

నీలవేణి గుండీల డబ్బా పక్కన పెట్టి లేచింది. ఎక్కడికో నాకు అర్థమైంది. అడ్డం పోయి నిలబడ్డాను. "నీకు తలకాయ ఉన్నదా అక్కా? బిడ్డ మీద ఒట్టేసినవ్! ఇప్పుడు పోయి అబద్ధమంటె ఆ ఒట్టు ఏమైతది? బిడ్డ మీదికి తెచ్చుకుంటవా?"

ఆమె ఆగింది. బిడ్డ వాకిట్లో గుడ్డముక్కలతో ఆడుకుంటోంది. ఈమె ఒట్టును ఎంత నమ్ముతుందో నాకు తెలుసు. ఇంట్లో తులం బంగారం పోయి, అనుమానం తన మీదికి వచ్చిన రోజు కూడా బిడ్డ మీద ఒట్టు వేయమంటే వేయలేదు. పోయి బిడ్డ పక్కన కూర్చుని, దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, పెదాలు కదుపుతూ ఏదో అనుకుంది. ఏ దేవుడితో ఏం మాట్లాడుకుందో నేను అడగలేదు. లేచి మసీదు దారి పట్టింది. నేను చెప్పుల్లేకుండానే వెనక పరుగెత్తాను.

మౌల్వీసాబు వాకిట్లో ఒక్కడే ఉన్నాడు. నీలవేణి గేటు బయటే నిలబడి చేతులు జోడించింది. "మౌల్వీసాబ్, ఆ దినం నేను అబద్ధమాడిన. మందు లేదు, ఏం లేదు. అన్న మీద పగ వట్టి చెప్పిన. ఈ ముచ్చట మైకుల చెప్పమన్నా చెప్త. అన్నతోని అజా ఇప్పియ్యుండ్రి."

ఆ ముసలాయన కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చాడు. "లేని పాపం నెత్తి మీద వేసుకోకు బేటీ" అన్నాడు. "నువ్వు అన్న మాట మీద ఇది ఆగలె. జహంగీర్ తన నోటితోని ఒప్పుకున్నడు. నాలుగు గోడల నడుమ జరిగింది అల్లాకు, ఆ మనిషికి నడుమనే ఉంటది. మేము అడగొద్దు. అందుకే అడగలె. అడగకుండ ఉండుడు ఒక్కటే మా చేతుల ఉండె. ఒక్కపాలి పదిమందిల ఒప్పుకున్నంక, దాన్ని వెనుకకు తీసుకునుడు నా చేతుల లేదు, నీ చేతుల లేదు."

"నేను తోడుండాలె అనుకున్న సాబ్. ఎవ్వరు మాట్లాడకపోతిరి. నాకేం తెలుసు?" అంటూ నీలవేణి గేటుకు తల కొట్టుకుంది. నేను పట్టుకున్నాను. ఆయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. "నీ దిల్ల ఏమున్నదో నాకు ఎరుకే బేటీ" అన్నాడు.

అప్పుడు చూశాను. సందు మొదట్లో జహంగీర్ నిలబడి ఉన్నాడు. మార్కెట్ నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద టమాట మరకలు ఆరలేదు. ఎంతసేపటినుంచి ఉన్నాడో. ఆమె అన్నదంతా విన్నాడని ఆయన ముఖమే చెప్పింది. నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు. ఆ శుక్రవారం తర్వాత వాళ్లిద్దరూ ఎదురుపడటం అదే మొదలు.

"చెల్లె, బిడ్డ మీద ఒట్టేసినవ్ గద నువ్వు" అన్నాడు. "ఆ ఒట్టు అబద్ధం గావొద్దనే గద నేను ఒప్పుకున్న. పిలుపు పోతె పోయింది, నీ మాట నిలిచింది, బిడ్డ సల్లగుంటది అనుకున్న. అదొక్కటే నాకు నిమ్మళం ఉండె. ఇప్పుడు నువ్వు వచ్చి... ఆ ఒట్టు గూడ నా కోసమే తీసేసుకున్నవా?"

నీలవేణి తల ఊపింది.

జహంగీర్ మసీదు మెట్టు మీద కూర్చుండిపోయాడు. టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని, పెద్దగా, దిక్కులేనివాడిలా ఏడ్చాడు. పొలం పోయిన రోజు ఏడవలేదు ఆయన, అజా పోయిన రోజూ ఏడవలేదు. మేమిద్దరం గేటు పక్కన నిలబడ్డాం. లోపల సదరు తమ్ముడు మైకు ముందు గొంతు సవరించుకుని అజా మొదలుపెట్టాడు.